కొబ్బరితోటలలో గింజనుండి పెంచదగు దేశీయ వృక్షములు

కోనసీమయందు వరిచేలు పోగా మిగిలిన మెరక చాలవఱకు కొబ్బరితోటలే. ఒక్క కొబ్బరినే నమ్మిన తోట గాలివానకు కూలినచో రైతునకు వేఱు దిక్కు లేదు. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లు నేలకొరగినవి. పొడవుజాతి మొక్కను మరల నాటినను కాపునకు 6, 7 ఏండ్లు పట్టును. కావున నీడకోర్చు కరివేపను తోటలోపలను, నేరేడు, పొన్న వృక్షములను గట్లమీదను పెంచుట మేలు. ఇవి ఈ దేశపు అడవులందును, తీరమునందును స్వయముగా మొలచునవియే. గింజకు కొదువ లేదు. అయినను పలుచోట్ల మొలక రాకపోవుటకు కారణము, గింజను ధాన్యమువలె ఎండబెట్టి దాచుటయే.

వరివిత్తనము బాగుగా ఎండినగాని నిలువయుండదు. కరివేప, నేరేడు గింజలు అట్టివి కావు. తేమ పోయినచో లోని మొలక చచ్చును. గింజ మాత్రము పైకి చక్కగనే కనబడును. అట్టి యెండుగింజను కొన్న రైతు ఒక వానకారు పోగొట్టుకొనును.

కరివేపపండ్లు నల్లబడిన తోడనే కోసి, గుజ్జు నలిపి కడిగి, నీడన ఒక పూట ఆరనిచ్చి, 3, 4 దినములలో విత్తవలెను. గుజ్జుతో విత్తినచో కుళ్లును. పిట్టలు గుజ్జు తిని గింజ విడుచుటచేతనే కంచెల క్రింద కరివేప తనంత తాను మొలచుచుండును. మొలకకు సుమారు 3 వారములు పట్టును. నేరేడు గింజను పండు తిన్న 2 వారములలోపల విత్తవలెను. ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చుట కలదు. బలమైనదానిని ఉంచి తక్కినవి తీసివేయవలెను.

పొన్నగింజ సంగతి వేఱు. దాని పెంకు మిక్కిలి గట్టిది. పెంకుతో విత్తినచో మొలకకు ఇంచుమించు 2 నెలలు పట్టును; పెంకు తీసిన పప్పు 3 వారములకే మొలచును. సుత్తితో మోదినచో పప్పు చితుకును గనుక, రెండు చెక్కల నడుమ నుంచి మెల్లగా నొక్కవలెను. ఈ పప్పు విషము, పిల్లలకు అందనీయరాదు.

నారుమడిని కొబ్బరిచెట్ల నడుమ, నీరు నిలువని చోట, జానెడెత్తున కట్టి, ఒండ్రుమట్టి, ఇసుక, చివికిన పశువులపెంట కలుపవలెను. గింజను దాని మందమంత లోతుననే విత్తి, తడి ఆరకుండ కొబ్బరాకు కప్పి, మొలక కనబడగనే తీసివేయవలెను. నీడన పెరిగిన నారును ఒక్కమారుగా ఎండలో నాటినచో మాడిపోవును. నెలదినములు కొంచెము కొంచెముగా ఎండకు అలవాటు చేయవలెను.

8 మొదలు 25 ఏండ్లలోపు తోటలలో నీడ దట్టము. అచట కరివేపయు సన్నగిలును. ముదురుతోటలలో చెట్లు ఎత్తు సాగి వెలుతురు దిగును గనుక వరుసల నడుమ దానిని నాటవచ్చును. నేరేడు, పొన్న మహావృక్షములు. వీనిని వరుసల నడుమ నాటుట కొబ్బరికి హాని. కొంతకాలము నీరు నిలిచినను నేరేడు ఓర్చును. అమలాపురము, కొత్తపేట ప్రాంతముల కాలువగట్ల పల్లములు దానికి తగును. పొన్న ఉప్పుగాలికి జంకదు. రాజోలు ప్రాంతమున అంతర్వేదివైపు, సముద్రమునకెదురుగా నున్న గట్లమీద దీనినే నాటవలెను. మొదటి రెండు వేసవులు నీరు పోసి, పశువులు మేయకుండ తాటికమ్మల దడి కట్టవలెను.