కాలు నేర్చినంకనే చేయి

బిడ్డా,

కూర్చొని కొడితే దెబ్బలన్నీ సరిగ్గా పడుతున్నాయని, డోలు కట్టుకొని లేచి అడుగు వేయగానే చేయి తడబడుతున్నదని రాశావు. ఆ కిందనే “మా ఇంట్ల ఒగ్గోళ్లు ఎవ్వలు లేరు, నాకు సంగీతం తెల్వదు, సున్నా కాడికెల్లి మొదలువెట్టిన” అనీ రాశావు. మొదటి మాట నమ్ముతాను. రెండో మాట మాత్రం ఒప్పుకోను. ఆ రెండో మాటను నువ్వు నమ్మినందువల్లనే మొదటి కష్టం వచ్చిపడింది. ఏమీ రాదనుకున్నావు కాబట్టి ఫోన్ ముందర కూర్చొని, వీడియోలో చేతులు చూసి, దెబ్బలు లెక్కబెట్టి నేర్చుకున్నావు. మల్లన్న కథ చెప్పేటప్పుడు కొట్టే ఒగ్గుడోలు కాలి నుంచి పైకి ఎక్కే విద్య. నువ్వు చేతి నుంచి కిందికి దించాలని చూస్తున్నావు.

మనవాళ్లు “బతుకమ్మ పాడుదాం రా” అనరు, “ఆడుదాం రా” అంటారు. పాట లేనిదే బతుకమ్మ లేదు, అయినా పిలుపు మాత్రం ఆటదే. సద్దుల బతుకమ్మ నాడు కోరుట్లలో ఏ వాడకట్టులోనైనా ఆ గుండ్రాన్ని దగ్గరగా చూడు. ఐదేండ్ల పిల్ల ఒకతి అమ్మకూ చిన్నమ్మకూ నడుమ దూరుతుంది. మొదట అమ్మ చేతులు చూసి చప్పట్లు కొడుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒక రెప్పపాటు వెనుకబడుతుంది. కొంతసేపటికి చూడడం మానేస్తుంది. అందరితో పాటు అడుగు జరుగుతుంది, నడుము వంగుతుంది, వంగిన చోట చప్పట్లు వాటంతట అవే కలుస్తాయి. ఒకటి, రెండు అని ఆమెకు ఎవరూ లెక్క చెప్పలేదు. పాట ఎత్తుకునే ఆమె చరణం విడిచిపెట్టగానే వంత ఎక్కడ అందుకోవాలో కూడా ఆ గుండ్రంలోనే పట్టుబడుతుంది. ఒగ్గుకథలో వంత పాడేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ నేర్పే. ఏటా తొమ్మిది సాయంత్రాల చొప్పున చిన్ననాటి నుంచి నువ్వు చేసింది ఇదే. దీన్ని సున్నా అంటావా? ఆ మాట మళ్లీ రాస్తే కోప్పడతాను.

ఇది మన ఒక్క సీమ సంగతే అనుకోకు. తూర్పు ఆఫ్రికాలో కోట్ల మంది మాట్లాడే స్వాహిలీలో ‘న్గోమా’ అనే మాట ఉంది. దానికి డోలు అనీ అర్థమే, ఆట అనీ అర్థమే, డోలూ ఆటా కలిసిన జాతర అనీ అర్థమే. మూడింటికీ ఆ ఒక్క మాటే సరిపోతుంది. అక్కడ అమ్మ ఆడుతుంటే ఆమె వీపున కట్టిన పసిబిడ్డకు తాళం మాటకంటే ముందే ఒంటికి తెలుస్తుంది. జాన్ మిల్లర్ చెర్నాఫ్ అనే అమెరికన్ ఉత్తర ఘానాకు పోయి దగోంబా వాళ్ల డోలు నేర్చుకొని, 1979లో పుస్తకం అచ్చువేశాడు. సంగీతం అర్థమైందనడానికి అక్కడివాళ్ల గుర్తు ఏమిటో అందులో చెప్పాడు: దాని వెంట ఏ ఆట ఆడాలో తెలియడం. అంత దూరం ఎందుకు, హైదరాబాద్‌లో మర్ఫా అనే డోలు మేళం ఉంది. నిజాం ఆఫ్రికన్ అశ్వదళంలో పనిచేసిన సిద్దీల వారసులు నేటికీ ఉండే ఏసీ గార్డ్స్‌లోనూ, అరబ్బుల బార్కస్‌లోనూ అది బతికింది. మన నిమజ్జనాల్లో తీన్మార్ మోగితే కుర్రవాళ్లు దెబ్బల లెక్క అడిగి ఆడతారా? కాలు ఊకోదు, అంతే.

మన ఒగ్గుకథలోనే చూడు. కథ చెప్పే ఆయన కాళ్లకు గజ్జెలు ఎందుకు కట్టుకుంటాడు? అలంకారానికైతే మెడలో కట్టుకోవచ్చు. గజ్జె కాలికి కట్టిన వాయిద్యం. అడుగు తప్పితే అది అందరికీ వినిపిస్తుంది. కథ ముందుకు పోతుంటే అడుగూ పోతుంది, దుఃఖం వచ్చినచోట అడుగు నెమ్మదిస్తుంది, డోలు దాని వెంట పోతుంది. సిరిసిల్లలో ఇప్పుడు మరమగ్గాల మోతే ఎక్కువ కానీ, ఎక్కడైనా చేమగ్గం నడుస్తుంటే కాసేపు నిలబడి చూడు. కాలు చెక్కను తొక్కితేనే దారాలు విడిపోయి దారి ఇస్తాయి, అప్పుడే చేయి నాడెను విసరాలి. కాలు తొక్కకముందే చేయి విసిరితే నాడె దారాల్లో చిక్కుకుంటుంది. నీ చేయి తడబడడమంటే ఇదే.

“మృదంగం వాయించేవాళ్లు కూర్చొనే వాయిస్తారు గదా” అంటావు. నిజమే. అది కూర్చొని వినే సభ కోసం పెరిగిన విద్య, దాని గొప్ప దానిది. అక్కడా తాళం తొడమీద చేతితో పడుతుంది, దెబ్బలకు గుర్తులైన సొల్లు అక్షరాలను ముందు నోటితో పలుకుతారు. ఒంట్లోకి ఎక్కించే దారి వేరు, ఎక్కించక తప్పదన్నది ఒక్కటే. ఇక “పుట్టుకతో రావాలి” అనే మాట. ఒగ్గు ఇండ్లలో పుట్టిన పిల్లలకు దొరికేది నెత్తురు కాదు, గంటలు. మల్లన్నకు ముగ్గులతో పట్నం వేసేటప్పుడు, రాత్రి కథ జరిగేటప్పుడు పక్కన ఉండి విన్న గంటలు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటనే తీసుకో. ఒగ్గుకథను 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా తీసుకపోయిన మిద్దె రాములుది ఆ ఊరే. వ్యవసాయ కుటుంబంలో పుట్టి, హరికథలూ జంగం కథలూ వింటూ పెరిగి, సిరిసిల్లలో ఉర్దూ మీడియంలో చదివి కూడా తెలుగు లయను అంతగా పట్టుకున్న కవి సి. నారాయణరెడ్డిదీ ఆ ఊరే. వినే చెవిని ఆ ఊరు కులం అడగలేదు. కానీ ఒక అన్యాయం ఒప్పుకోవాలి. అదే గంటలు విన్న ఆడపిల్లల చేతికి డోలు ఇవ్వలేదు. ఆట వాళ్లకు, డోలు మగవాళ్లకు అని విడదీశారు. నువ్వు డోలు పట్టుకుంటే ఆ రెండూ మళ్లీ ఒకచోటికి వస్తాయి. అందుకే నీ విషయంలో నాకింత పట్టుదల.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. పది రోజులు డోలు ముట్టకు. కాళ్లకు గజ్జెలు కట్టుకొని, మల్లన్న కథలో నీకు వచ్చిన ముక్కను నోటితో చెబుతూ వాకిట్లో అడుగు వెయ్యి. మాట ఒత్తూ గజ్జె చప్పుడూ ఒకచోట పడేదాకా అదే. తర్వాత డోలు కట్టుకో, కానీ కుడి అడుగు పడ్డప్పుడల్లా ఒక్క దెబ్బే కొట్టు. మిగతా దెబ్బలు మెల్లగా వాటి జాగలు అవే వెతుక్కుంటాయి. వీడియోలు కథ గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి, వద్దనను. పెద్దాపూర్ మల్లన్న జాతరకు పోయినప్పుడు మాత్రం ఫోన్ సంచిలో పెట్టి, డోలు కొట్టేవాళ్ల మడమలు చూడు. ఏం చూశావో నాకు రాయి.

మీ పెద్దబాపు