నర్సు చదువునకు ఊరి తోడు

హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా దర్వాజా నేటికిని నిలిచియున్నది. పూర్వము నగర ప్రాకారమునకు 13 దర్వాజాలుండెడివి. వానిలో మిగిలినవి ఇదియు, పురానాపూల్ దర్వాజాయు మాత్రమే. పారసీక భాషలో ‘దబీర్’ అనగా లేఖకుడు. ఈ పేటకు సమీపమున, పురానీ హవేలీలో, దుర్రు షెహ్వార్ రాకుమారి పేరిట ఒక ఆసుపత్రియు, నర్సింగు కళాశాలయు కలవు. ఆమె తురుష్క ఖలీఫాలలో కడపటివాడైన రెండవ అబ్దుల్ మజీదు కుమార్తె. 1931లో ఏడవ నిజాము పెద్దకుమారుని వివాహమాడి హైదరాబాదునకు వచ్చెను.

లేఖకుల పేట నుండి మేము ఈ ప్రసంగము ప్రారంభించుటకు కారణము కలదు. నర్సు చదువునకు బయలుదేరిన పల్లె బాలిక మొదట తడబడునది కాగితముల వద్దనే.

మీ గ్రామమున ఒక కూలి కుటుంబపు బాలిక ఇంటర్మీడియటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి ఉత్తీర్ణురాలైనదనుకొందము. బి.యస్సీ. నర్సింగు నాలుగేండ్ల చదువు. తెలంగాణమున ఈ కళాశాలలు వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. ప్రైవేటు కళాశాలలో సీట్లు రెండు విధములు: విశ్వవిద్యాలయము కౌన్సెలింగు ద్వారా ఇచ్చు కన్వీనరు సీటు, యాజమాన్యము నింపుకొను సీటు. ప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు మొదటిదానికే వర్తించును. ఈ సంగతి తెలియక, కౌన్సెలింగు తేదీ దాటిపోగా ఎవరో మధ్యవర్తి మాట నమ్మి, యాజమాన్యపు సీటులో చేరిన బాలిక నాలుగేండ్లు ఫీజు తానే కట్టుకొనవలయును. ఎకరము పొలము కుదువ పడుట ఇట్లే. కనుక సభ్యులు మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఏ కళాశాల?’ అనునది కాదు, ‘ఏ కోటా?’ అనునది. ఆ వెనుక కళాశాలకు భారత నర్సింగు మండలి గుర్తింపు కలదో లేదో విచారింపవలెను.

ఫీజు రీయింబర్సుమెంటు పథకము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లో మొదలైనది. తెలంగాణ నిబంధనలలో షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు వార్షికాదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు గ్రామములలో లక్షన్నర, పట్టణములలో 2 లక్షలు. ఇవి ఉత్తర్వులతో మారుచుండును గనుక ఆ యేటి ప్రకటనను చూచుకొనుట మంచిది. ఫీజు గాక భోజన వసతులకై కొంత భృతియు కలదు. దరఖాస్తు ఈపాస్‌లో పెట్టవలెను. ఆదాయ, కుల ధ్రువపత్రములు మీసేవ ద్వారా తహశీలుదారు కార్యాలయమునుండి పొందవలెను. పదవ తరగతి మెమోలో ఒక పేరు, ఆధారులో మరియొక పేరు ఉన్నచో పని నిలిచిపోవును. ఈ సవరణ వేసవిలోనే చేయించిన యెడల సగము చిక్కు తీరినట్లే. బ్యాంకు ఖాతా బాలిక పేరుననే యుండవలెను.

ప్రభుత్వము నుండి ఫీజు సొమ్ము ఆలస్యముగా వచ్చుట కలదు. దానిని దాచి ప్రయోజనము లేదు. అట్టి సమయమున కొన్ని కళాశాలలు విద్యార్థినిపై ఒత్తిడి తెచ్చుటయు, అసలు పత్రములను అట్టిపెట్టుకొనుటయు జరుగుచున్నది. విద్యార్థుల అసలు పత్రములను కళాశాలలు ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ప్రకటించినది. ఒంటరి బాలిక ఈ మాట అనజాలదు. సర్పంచి సంతకముతో ఒక ఉత్తరము వెళ్లినచో వినువారుందురు.

సొమ్ము సమకూడినంత మాత్రమున చదువు సాగదు. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల పాఠశాల వెలసినప్పుడు, ఆమె క్రిమియా యుద్ధ సేవకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసి కూర్చిన నిధియే దానికి ఆధారము. విద్యార్థినులకు వసతి, భోజనములతో పాటు ఏడాదికి 10 పౌనులు ఇచ్చెడివారు. అంతటితో ఆమె ఊరకుండలేదు. 1872 నుండి ఆ విద్యార్థినులను ఉద్దేశించి హితవు చెప్పు ఉత్తరములు వ్రాయుచు వచ్చెను. ధనసహాయము, పెద్దదిక్కు ఈ విద్యలో ఆదినుండియు జంటగానే యున్నవి.

మన బాలిక సంగతి చూడుడు. ఇంటిలో తెలుగు, పుస్తకములో ఇంగ్లీషు, పాతబస్తీ వార్డులో రోగి మాటాడునది దక్కనీ ఉర్దూ. నొప్పి ఎచ్చటనో అడిగి తెలిసికొనుటకే మొదటి నెల గడచిపోవును. మరణమును తొలిసారి దగ్గరనుండి చూచిన రాత్రి ఆమె ఇంటికి ఫోను చేసి ‘వచ్చెదను’ అనును. తల్లిదండ్రులు బెదరి పిలిపించుకొందురు. ఆ వేళ పై తరగతి విద్యార్థినియో, అనుభవజ్ఞురాలైన సిస్టరో పక్కన కూర్చుండి మాటాడినచో మరునాడు ఆమె వార్డునకు పోవును. అట్టివారు మీ మండలమునుండియే వచ్చి నగరమున పనిచేయుచుండవచ్చును. వారి పేర్లు సేకరించి బాలికకు పరిచయము చేయుట పంచాయతీకి పైసా ఖర్చు లేని పని. ఊరిలోని ఏ.ఎన్.ఎం. దీనికి మొదటి దారి చూపగలదు.

హాజరు విషయమున తల్లిదండ్రులకు ముందే చెప్పవలయును. నర్సింగు మండలి నియమములందు పరీక్షకు కూర్చుండుటకు 80 శాతము హాజరు కావలెను. పట్టా పొందుటకు ముందు వార్డు శిక్షణలో నూటికి నూరు పాళ్లును పూర్తి కావలెను. విద్యార్థి వేతనమునకు 75 శాతము హాజరు కావలెను. మేనత్త కూతురి పెండ్లికి, బోనాలకు, జాతరకు పదేసి దినములు పిలిపించిన యెడల ఆ డ్యూటీలన్నియు మరల చేయక తప్పదు.

గ్రామస్థులు యూనిఫారమునకో, పుస్తకములకో చందా వేసి ఇచ్చుట మెచ్చదగినదే. అయితే బాలికను వేదికనెక్కించి ఫోటో తీయించి ఇచ్చు సహాయము మాకు రుచింపదు. ఆమె ఎవరికిని ఋణపడినట్లు తలవంచుకొని చదువరాదు.

మొదటి సంవత్సరమునకు అందరు తోడ్పడుదురు. రెండవ యేట దరఖాస్తు మరల నవీకరింపవలెను. తేదీ దాటిపోవునది తరచుగా అప్పుడే. వార్డు సభ్యులలో ఒకరు ఆ నెలలో బాలికకు ఫోను చేసి, రసీదు చేతికి వచ్చినదా యని అడుగవలెను.