కాంటా దగ్గరి బేరం

అక్టోబరు వచ్చిందంటే ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరతాయి. రైతు బండి పక్కనే నిలబడి చూస్తుంటాడు. ఒకరు వచ్చి తేమ మీటరు సూదిని పత్తిలోకి గుచ్చుతారు. పదకొండో పద్నాలుగో, ఒక అంకె పడుతుంది. ఏడాది కష్టమంతా ఆ అంకె దగ్గరికొచ్చి ఆగిపోతుంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో తేమ 8 శాతం దాటకపోతే పూర్తి మద్దతు ధర. 12 దాకా శాతానికింత అని కోత. ఆపైన కొననే కొనదు. ఇక ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు.

రాత్రంతా మంచులో బండి నిలబెట్టి, తెల్లారాక గొంతు చించుకుంటే తేమ తగ్గదు. పత్తిని ఇంటి దగ్గరే రెండు రోజులు ఎండలో ఆరబోసి, తేమ ఎంతుందో చూసుకుని బండి కట్టిన రైతుకు మాత్రం అరవాల్సిన పనే ఉండదు. అతని బేరం సగం వాకిట్లోనే అయిపోయింది.

బేరమంటే మాటకారితనమేనని మనకొక నమ్మకం. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో కరచాలనం ఎలా చెయ్యాలో, కళ్లలోకి ఎలా చూడాలో నేర్పడానికే బోలెడు సమయం పోతుంది. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన 'గెటింగ్ టు యస్' పుస్తకం ఇంకో ప్రశ్న వేసింది: ఈ బేరం కుదరకపోతే నీకు వేరే దారేముంది? ఆ దారి ఎంత గట్టిదైతే నీ మాటకు అంత బలం. ఈ హార్వర్డ్ పండితులు ఆ మాట రాయడానికి పాతికేళ్ల ముందే, కరీంనగర్ పల్లెల్లో కొందరు రైతులు ఆ వేరే దారిని తామే వేసుకున్నారు.

ఆ పని మొదలైన ఊరు ముల్కనూరు. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో 14 ఊళ్ల నుంచి 373 మంది కలిసి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్నారు. వాటాధనం 2,300 రూపాయలు, అంటే తలా ఆరు రూపాయల పైచిలుకు. ఇంత చిన్న మొత్తంతో షావుకారుకు ఎదురు నిలవడమేమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు.

అసలు చిక్కు రేటులో లేదు. విత్తనాలకు అప్పిచ్చినవాడే వడ్లు కొనేవాడు, కొనేవాడే తూచేవాడు. తరుగు ఎంత తీసినా అప్పున్నవాడు నోరెత్తలేడు. ఈ సహకార సొసైటీ ముందు ఆ ముడి విప్పింది. అప్పు తానే ఇచ్చింది, ఎరువులు తానే అమ్మింది, పంటనూ తానే కొంది. అప్పు పట్టుకోగా మిగిలిన డబ్బు రైతు చేతికొచ్చేది. కాంటా పట్టినవాళ్లూ, వడ్లు పోసినవాళ్లూ ఒకే సొసైటీ వాళ్లు కావడంతో తూకంలో మోసం చేస్తే తమ జేబే కోసుకున్నట్టయింది. పోనుపోను బియ్యం మిల్లు, పత్తి జిన్నింగు, విత్తన శుద్ధి కేంద్రం వచ్చాయి. సొంత గోదాము, మిల్లు ఉన్నవాడు కోతల వారంలోనే వచ్చిన రేటుకు అమ్ముకోనక్కర్లేదు. బయటి కొనుగోలుదారు ముందు కూర్చున్నప్పుడు ఆ నిదానమే సగం పని చేస్తుంది.

అదే గడ్డ మీద 2002లో ముల్కనూరు మహిళా డెయిరీ మొదలైంది. సభ్యులూ మహిళలే, పాలకవర్గమూ మహిళలే. పొదుపు సంఘాల్లో లెక్కలు రాసి, అప్పులిచ్చి, వసూలు చేసి చెయ్యి తిరిగినవాళ్లు వాళ్లు. 'స్వకృషి' పేరుతో వాళ్ల పాలు బజారుకెక్కాయి.

సంఘానికి కట్టుబడి ఉండటమనే విలువ పాటిస్తే ఖర్చు లేదనుకోవడం మాత్రం అమాయకత్వం. ఎండాకాలం పాలు తగ్గినప్పుడు ప్రైవేటు బండి ఊళ్లోకొచ్చి, "లీటరుకు రూపాయి ఎక్కువిస్తామమ్మా, మాకు పొయ్యి" అంటే ఏ ఇల్లాలి మనసైనా ఊగుతుంది. అప్పుడు ఆమె చూసుకోవాల్సింది ఇవాళ్టి రూపాయిని ఒక్కదాన్నే కాదు. వెన్న శాతాన్ని బట్టి వచ్చే రేటు, ఏడాది పొడవునా పోసిన పాలను బట్టి చివర్లో అందే బోనస్, ఊరంతా పాలు పొంగినప్పుడు ఆ బండి మళ్లీ వస్తుందా లేదా అన్నదీ ఆ లెక్కలోకే వస్తాయి. క్యాను చేత్తో పట్టుకుని, వాకిట్లో నిలబడి, వేళ్ల మీదే ఆ లెక్క కడుతుందామె.