అమ్మ మడమ నొప్పికి అసలు కారణం

పొద్దుగాల మంచం దిగి మొదటి అడుగు వెయ్యంగనే మా అమ్మ గోడ పట్టుకుంటుంది. నాలుగడుగులు నడిచాక కొంచెం తగ్గుతుంది. సాయంత్రానికి మళ్లీ మొదలు. హనుమకొండలో ఒక బట్టల షాపులో ఆమె సేల్స్‌లో పనిచేస్తుంది. ఎక్స్‌రే తీయిస్తే మడమ ఎముకకు చిన్న ముల్లులాంటిది కనిపించింది. "బొక్క పెరిగిందట బిడ్డా, ఇగ ఇది పోదు" అంది. నిజమేనా అని చదవడం మొదలుపెట్టాను.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక మందమైన పట్టీ ఉంటుంది. దాని పేరు ప్లాంటార్ ఫేషియా. పాదం వంపును నిలబెట్టడంలో దీనిదే పెద్ద పాత్ర. ఒకసారి కూర్చుని బొటనవేలిని చేత్తో పైకి ఎత్తి చూడండి. గిలక మీద తాడు లాగినట్టు పట్టీ బిగుసుకుని వంపు లేస్తుంది. 1954లో జె.హెచ్. హిక్స్ ఈ పనితీరును వివరించాడు. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఇదే జరుగుతుంది.

రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి పట్టీ వదులుగా ఉంటుంది. పొద్దున ఒక్కసారిగా శరీరం బరువంతా పడి సాగుతుంది. మొదటి అడుగు నొప్పి అందుకే.

మరి ఆ ముల్లు? నొప్పి అసలే లేనివాళ్లలో కూడా చాలామందికి అది ఉంటుంది. కోడ్‌లో ఎర్రర్ చూపించే లైన్ ఒకటి, తప్పు చేసిన లైన్ ఇంకొకటి ఉంటుంది కదా, ఇదీ అంతే. పేరులో 'ఐటిస్' ఉంది కాబట్టి వాపు అనుకుంటాం. కానీ 2003లో లెమాంట్ బృందం 50 కేసుల్లో తీసిన కణజాలం పరిశీలిస్తే కనిపించింది వాపు కాదు, అరుగుదల. రోజూ చిన్న చిన్న చిరుగులు పడుతుంటే, మానడానికి టైం దొరకడం లేదన్నమాట.

ఆ అరుగుదల ఎందుకు వస్తుంది? అదే ఏడాది వచ్చిన రిడిల్ బృందం అధ్యయనం మూడు విషయాలు చెప్పింది: చీలమండ పైకి సరిగ్గా వంగకపోవడం, అధిక బరువు, పనిరోజులో ఎక్కువసేపు కాళ్ల మీదే ఉండడం. పిక్కలు బిగుసుకుంటే చీలమండ వంగదు, ఆ భారం పట్టీ మీద పడుతుంది.

అమ్మ రోజుకు పది గంటలు నిలబడుతుంది. షాపులో చెప్పులు వేసుకోనివ్వరు, కింద గట్టి టైల్స్. కస్టమర్లు లేకపోయినా కూర్చోవద్దు. ఎక్స్‌రేలో ఇవేవీ కనిపించవు.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలను సవరించి పనివాళ్లకు కుర్చీలు ఉండాలన్నాయి. నాకు అది కూడా వైద్యంలాగే అనిపించింది.

ఇప్పుడు అమ్మ మంచం దిగకముందే వేళ్లను వెనక్కి లాగి పట్టుకుంటుంది, గోడకు చేతులాన్చి పిక్కలు సాగదీస్తుంది, ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకుంటుంది. ఇలాంటి నొప్పి చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. తిమ్మిరి, వాపు ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి వస్తున్నా డాక్టర్‌కు చూపించాల్సిందే.

షాపులో మాత్రం ఇంకా స్టూల్ రాలేదు. ఈసారి మీరు బట్టలు కొనడానికి పోయినప్పుడు సేల్స్ అక్క ఎవరైనా కాసేపు కూర్చుని కనిపిస్తే, దయచేసి ఓనర్‌కు చెప్పకండి.