సీలు దొరికితేనే మిషన్ కదిలేది: పాత ఇంజిన్ల స్పేర్ పార్టుల్లో ఉపాధి

కొనకనమిట్ల, పొదిలి, తర్లుపాడు వైపు ఐటీఐ ముగించిన కుర్రాళ్లని తర్వాత ఏం చేస్తావని అడిగితే హైదరాబాద్ అనో బెంగళూరు అనో అంటారు. ఇంటి దగ్గరే ఉన్న ఒక పని ఎవరి లెక్కలోకీ రాదు. పాత ఇంజిన్లకూ భారీ యంత్రాలకూ సీళ్లు, స్పేర్ పార్టులు వెతికి తెచ్చే పని అది. దీనికి ప్రత్యేకంగా డిగ్రీ లేదు, నోటిఫికేషన్ పడదు. తెలిసిన మనిషి దొరక్క యజమానులు మాత్రం తిరుగుతూనే ఉంటారు.

మార్కాపురం పలకల గనుల్లో ఎక్స్‌కవేటర్లు, నీళ్లు తోడే డీజిల్ పంపులు ఉన్నాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. మన మెట్ట నేలల్లో బోరు వెయ్యనిదే తాగే నీళ్లకీ కష్టమే కాబట్టి బోరు బండ్లు, వాటి కంప్రెసర్లు ఉన్నాయి. కొత్త మిషన్ అయితే ఫోన్ చేస్తే కంపెనీ మనిషి వస్తాడు. ఇరవై ఐదేళ్లు దాటి, నాలుగు చేతులు మారిన మిషన్‌కి ఆ భోగం లేదు. ఆ నంబరు పార్టు ఇప్పుడు రావడం లేదని డీలరు చేతులెత్తేస్తాడు. ఇంజిన్ మాత్రం గట్టిదే. కొన్ని వందల రూపాయల ఆయిల్ సీల్ కోసం లక్షల మిషన్ షెడ్డులో కూర్చుంటుంది, ఆపరేటర్ జీతం, ఫైనాన్స్ వాయిదా నడుస్తూనే ఉంటాయి. అందుకే ఇక్కడ డబ్బు వచ్చేది వస్తువు అమ్మినందుకు కాదు, సరైన వస్తువు ఏదో చెప్పినందుకు.

ఆయిల్ సీల్ సంగతే చూడండి. దాని మీద 65-90-10 అని ఉంటే షాఫ్ట్ 65 ఎం.ఎం., హౌసింగ్ 90, మందం 10. పాత సీల్ మీద అంకెలు చెరిగిపోతే దాన్నే కొలిచి ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. వేడికి, నూనెకి రబ్బరు ఉబ్బి, షాఫ్ట్‌ని తాకే అంచు (లిప్) సాగి ఉంటుంది, ఆ కొలత తప్పుతుంది. షాఫ్ట్‌ని, హౌసింగ్‌ని వెర్నియర్‌తో కొలవాలి. కొలిచేటప్పుడే సీల్ లిప్ రాసుకున్న చోట షాఫ్ట్ మీద గోరు పెట్టి చూడండి. గోరు గాడిలో పడితే ఎంత మంచి సీల్ వేసినా నూనె కారుతుంది. అక్కడ పల్చటి స్టీల్ స్లీవ్ తొడగాలి, లేదా కొత్త సీల్ లిప్ గాడి మీద పడకుండా కొంచెం జరిపి కూర్చోబెట్టాలి. కొన్ని క్రాంక్ సీళ్ల మీద బాణం గుర్తు ఉంటుంది, అది షాఫ్ట్ తిరిగే దిశ. సైజు కలిసినా బాణం ఎదురైతే ఆ సీల్ పనికిరాదు.

తర్వాత చూడాల్సింది సీల్ దేనితో చేశారన్నది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు ఓర్చుకుంటుంది. అంతకు మించిన వేడి ఉన్నచోట 200 డిగ్రీల దాకా తట్టుకునే వైటాన్ కావాలి. రంగు చూసి ఇది వైటాన్ అని చెప్పే కౌంటర్ మాట నమ్మకండి, రంగు ఏ రబ్బరుకైనా వేయొచ్చు. టెఫ్లాన్ లిప్ ఉన్న క్రాంక్ సీళ్లను చాలావరకు నూనె రాయకుండా పొడిగానే బిగించాలి. అలవాటుకొద్దీ ఆయిల్ పూసి బిగించిన మేస్త్రి రెండో రోజు సీల్ బాగోలేదని మీ మీదకే వస్తాడు. కాబట్టి సీల్‌తోపాటు ఈ మాట కూడా చెప్పి పంపాలి.

ఇంజిన్ పార్టులకైతే మిషన్ పేరు చాలదు. ఒక బాడీలో ఇంకో కంపెనీ ఇంజిన్ పెట్టి నడిపేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఇంజిన్ మీదుండే ప్లేటే ఆధారం. బుల్డోజర్లలో, కంప్రెసర్లలో, జనరేటర్లలో దశాబ్దాలుగా కనిపించే కమిన్స్ ఎన్‌టీ 855నే తీసుకోండి. 855 అంటే ఘనపు అంగుళాల్లో దాని సామర్థ్యం, అంటే 14 లీటర్ల ఇంజిన్. ఈ ఇంజిన్లు రెండు పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, లోపల పిస్టన్, టర్బో వేరు కావచ్చు. ప్లేటు మీది ఈఎస్‌ఎన్ అనే సీరియల్ నంబరు, సీపీఎల్ అనే పార్టుల జాబితా నంబరు రాసుకుంటే ఆ గందరగోళం ఉండదు. ఫ్యూయల్ పంపు ప్లేటు వేరే ఉంటుంది, దాన్నీ ఫొటో తీయాలి. పాత నంబరు ఆగిపోయిందంటే పార్టు లేదని కాదు, చాలాసార్లు దాని స్థానంలో కొత్త నంబరు వచ్చి ఉంటుంది. బేరింగులది ఇంకా తేలిక: 6309 అని ఉంటే చివరి రెండంకెలను ఐదుతో హెచ్చించండి, లోపలి బోర్ 45 ఎం.ఎం.

సరుకు ఎక్కడ? విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, వాడిన పార్టులకు చెన్నై పుదుపేట. పొలాల్లోని చిన్న డీజిల్ ఇంజిన్ల సామాను గుజరాత్ రాజ్‌కోట్‌లో భారీగా తయారవుతుంది. బోరు బండ్లకు తమిళనాడులోని తిరుచెంగోడు దేశమంతటికీ పెట్టింది పేరు. ఒక్కసారైనా వెళ్లి కౌంటర్ల దగ్గర నిలబడి రండి. ముఖ పరిచయమైతే ఆ తర్వాత ఫొటో పంపి ధర అడగొచ్చు, ఆర్టీసీ కార్గోలో పొదిలికో మార్కాపురానికో తెప్పించుకోవచ్చు.

డూప్లికేట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆయిల్ చాంబర్ గాస్కెట్, ట్యాపెట్ కవర్ గాస్కెట్ లాంటివి లోకల్ మాల్ అయినా నడుస్తాయి. క్రాంక్ సీల్, మెయిన్ బేరింగ్, ఫ్యూయల్ పంపు ఎలిమెంట్ దగ్గర మాత్రం రాజీ పడొద్దు. వాడిన క్రాంక్‌షాఫ్ట్‌ను పగుళ్ల పరీక్ష చేయించి, కొలతలు చూసుకుని కొనొచ్చు. వాడిన సీల్ ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఎక్కడా దొరకని హైడ్రాలిక్ సీల్‌ను పాలీయూరిథేన్ గొట్టం నుంచి సీఎన్‌సీ లేత్ మీద కొలతకు తీసిచ్చే షాపులు పెద్ద నగరాల్లో ఉన్నాయి. ఒక్క పీస్ అయినా చేస్తారు. కొన్న ఓరింగులను దండలా మేకుకు తగిలించే అలవాటు మానండి, బరువుకి సాగి ఆకారం పోతుంది. ఎండ తగలకుండా కవర్లో పెట్టాలి.

చదువు విషయానికొస్తే, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, ఫిట్టర్, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లవి. నన్నడిగితే ఫిట్టరే మేలు, కొలవడం చేతికొస్తుంది. పాలిసెట్ రాసి మెకానికల్ డిప్లొమా చేసినా మంచిదే. ఆ వెంటనే కొట్టు పెట్టకండి. జేసీబీ, టాటా హిటాచీ, బీఈఎంఎల్ లాంటి కంపెనీల డీలర్ల దగ్గరో, క్వారీ స్టోర్‌లోనో రెండేళ్లు పార్ట్స్ అసిస్టెంట్‌గా చెయ్యండి. మొదట్లో జీతం పెద్దగా ఉండదు. పార్ట్స్ కేటలాగ్‌లో విడదీసిన బొమ్మ చూసి నంబరు పట్టుకోవడం అక్కడే వస్తుంది. కేటలాగులన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ఆపాటి ఇంగ్లిష్ తప్పదు.

సొంతంగా మొదలుపెట్టేటప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి, అది ఉచితం. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు రుణానికి బ్యాంకును అడగొచ్చు. ఆ డబ్బుతో ర్యాకులు నింపకండి. ఆర్డర్ వచ్చాక, అడ్వాన్స్ తీసుకున్నాకే తెప్పించండి. ఈ వ్యాపారంలో మునిగేవాళ్లు సీళ్లు తెలియక మునగరు, అప్పు పెట్టి మునుగుతారు. క్వారీ బిల్లు వచ్చాక ఇస్తాననే మాటకు తేదీ ఉండదు.

పాత ఇంజిన్లు ఎల్లకాలం ఉండవు. 2021 ఏప్రిల్ నుంచి చక్రాల నిర్మాణ యంత్రాలకు సీఈవీ స్టేజ్ 4 ఉద్గార నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాత స్టేజ్ 5 కూడా వచ్చింది. సెన్సర్లు, ఈసీయూ ఉన్న ఆ ఇంజిన్లను కూడా పక్కన నేర్చుకుంటూ పోవాలి. అయితే నేటి కొత్త మిషన్ కూడా ఇంకో పదిహేనేళ్లకు నాలుగు చేతులు మారి ఏదో షెడ్డుకు చేరేదే.

ఆసక్తి ఉన్నవాళ్లు ముందు మంచి వెర్నియర్ ఒకటి, నోట్‌బుక్ ఒకటి కొనండి. పొదిలి, మార్కాపురం షెడ్లలో మేస్త్రీల అనుమతి అడిగి ఒక్కో ఇంజిన్ ప్లేటు, ఒక్కో సీల్ కొలత రాసుకోండి. మీ చుట్టుపక్కల ఏ మిషన్‌కి ఏ నంబరు పడుతుందో ఆ నోట్‌బుక్‌లో ఉంటే, కొట్టు లేకపోయినా మేస్త్రీలు మీకే ఫోన్ చేస్తారు.