మ్యూజియము పద్దులలో అమరావతిని వెదకుట

కృష్ణాతీరమున అమరావతి స్తూపము నలంకరించిన శిల్పములలో నూటికి పైగా నేడు లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. వానిని చూడగోరు విద్యార్థి సముద్రము దాటనక్కరలేదు. ఆ మ్యూజియమువారు తమ వస్తువుల పద్దులను కంప్యూటరు డేటాబేసుగా కూర్చి ఇంటర్నెట్టు మూలమున ఎల్లరకును ఉచితముగా చూపుచున్నారు. అయితే లక్షలకొలది పద్దులనుండి మనకు వలసినవానిని తీయుట యొక విద్య. అమరావతినే యుదాహరణముగా గైకొని ఆ విద్య నిచట వివరింతుము.

మొదట గ్రహింపవలసినది యిది: డేటాబేసు శిలలను వెదకదు, శిలలను గూర్చి పద్దు వ్రాసినవారి మాటలను వెదకును. వారు వ్రాయని మాటతో వెదకినచో, వస్తువు ఉండియు లేదనియే ప్రత్యుత్తరము వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున ఈ శిల్పములకు ఎలియట్ మార్బుల్స్ అను పేరు వాడుకయైనది. మార్బుల్ అనగా చలువరాయి. కాని యివి చలువరాళ్లు కావు, సున్నపురాళ్లు. పదార్థమను గడిలో లైమ్‌స్టోన్ అని యుండగా మార్బుల్ అని వడపోయువానికి వట్టి చేతులే మిగులును.

ఊరిపేరునను చిక్కు గలదు. ఇంగ్లీషున అమరావతి తుది యక్షరమును కొందరు టి-ఐ అనియు, కొందరు టి-హెచ్-ఐ అనియు వ్రాయుదురు. రెండు విధములను ప్రయత్నింపవలెను. విదర్భలో నింకొక అమరావతి గలదు గనుక దేశభాగమునుకూడ చూడవలెను. మన గ్రామము మద్రాసు రాజధానిలో నుండి, 1953లో ఆంధ్రరాష్ట్రమునందును, 1956లో ఆంధ్రప్రదేశమునందును చేరెను. 2022లో గుంటూరు జిల్లానుండి పల్నాడు జిల్లాకు మారెను. పాత పద్దులు ఇట్టి మార్పులతో నడువవు. కావున జిల్లాపేరును నమ్ముకొనుటకంటె ఊరిపేరుతో వెదకుటయే మేలు.

ఉత్తమాటతో వెదకినచో ఆ మాట యెచట నున్నను ఆ పద్దు వచ్చును. శిల్పములతోపాటు చిత్తరువులును వచ్చి పడును. అప్పుడు వడపోత పనికివచ్చును. దొరికిన స్థలము, పదార్థము, వస్తువు రకము, కాలము అనునవి యొక్కొక్కటి యొక జల్లెడ. అన్నిటిని ఒక్కమారు పెట్టుట మా యభిప్రాయమున తగదు. ఏ పద్దులోనైన ఒక గడి ఖాళీగా నున్నచో ఆ వస్తువు చడిచప్పుడు లేక జారిపోవును. ఒక్కొక్క జల్లెడ పెట్టినపుడు సంఖ్య యెంత తగ్గెనో గమనింపవలెను. బొమ్మ గలవానినే చూపు జల్లెడ చిన్నవారికి ప్రియమైనది గాని, ఫోటో తీయని వస్తువులను మరుగుపరచును.

అన్నిటికంటె నిశ్చయమైన దారి వస్తుసంఖ్య. 1845లో వాల్టరు ఎలియట్ దొర త్రవ్వించి మద్రాసునకు పంపిన శిల్పములు 1859లో ఓడమీద లండను చేరెను. అచటి ఇండియా మ్యూజియమునుండి 1880లో బ్రిటిషు మ్యూజియమునకు వచ్చెను. ఆ సంవత్సరమే సంఖ్యలో నిలిచినది. 1880,0709 అనగా 1880వ సంవత్సరము, ఏడవ నెల, తొమ్మిదవ దినము. తరువాత చుక్కపెట్టి వరుససంఖ్య. ఈ మొదటిభాగముతో వెదకినచో, వర్ణనలోని మాట లెట్లున్నను, ఆనాడు చేర్చుకొన్న శిల్పములు వరుసగా కానవచ్చును.

వ్యక్తిపేరుతో వెదకుటలో నొక విచారకరమైన సంగతి గలదు. త్రవ్వించిన దొర పేరు గడిలో నుండును; చెక్కిన శిల్పి పేరుండదు. అయినను అమరావతి శాసనములలో దాతల పేర్లు గలవు. వారిలో భిక్షుణులును, వర్తకులును, ఒక చర్మకారుడును గలరు. ఇట్టివారిని వ్యక్తుల జల్లెడతో పట్టజాలము. శాసనపాఠమును, వర్ణనను తెరచి చదువవలెను. ఇచట కంప్యూటరు ఆగిపోవును, చదువరి పని ప్రారంభమగును.

ఇదియంతయు లండనులోని రాళ్లను గూర్చియే. అదే స్తూపపు శిల్పములు చెన్నపట్టణపు ఎగ్మూరు మ్యూజియమునందును, అమరావతిలోని మ్యూజియమునందును గలవు. బ్రిటిషు మ్యూజియపు డేటాబేసులో ఎంత వెదకినను అవి రావు. వానికై ఆయా మ్యూజియముల పట్టికలనే చూడవలెను.