ప్రభువు తండ్రిని అడిగిన ప్రశ్న

కుటుంబ పాఠం
పఠనం: మార్కు 9:14-29



జబ్బుపడిన కుమారుణ్ణి వెంటబెట్టుకొని ఒక తండ్రి శిష్యుల వద్దకు వచ్చాడు. వారివల్ల కాలేదు. చుట్టూ జనం, వాదోపవాదాలు. ప్రభువు మాత్రం బిడ్డకు ఈ బాధ ఎన్నాళ్ల నుండి ఉన్నదని తండ్రిని అడిగారు. ఆ తండ్రి ఏదీ దాచలేదు. పసితనం నుండి బిడ్డ నిప్పుల్లో పడటం, నీళ్లలో పడటం అందరి ఎదుటా చెప్పాడు.

నేను దాచాను. మా అబ్బాయి డిగ్రీ రెండో ఏట మంచం పట్టాడు. తిండి లేదు, మాట లేదు. అంతకుముందు ఎప్పుడైనా ఇందుకు భిన్నంగా హుషారుగా ఉన్నాడా అని డాక్టరుగారు అడిగారు. ఉన్నాడు. ఆరు నెలల క్రితం వారం రోజులు నిద్రపోలేదు. ఫీజు డబ్బుతో స్నేహితులకు వాచీలు కొన్నాడు. అర్ధరాత్రి వీధిలో నిలబడి ఉపన్యాసాలిచ్చాడు. నలుగురికీ తెలిస్తే వాడి చెల్లెలి పెళ్లి ఏమవుతుందోనని "లేదండీ" అన్నాను. కుంగుబాటుకు మాత్రలు రాశారు. కొద్ది వారాల్లోనే వాడికి మళ్లీ నిద్ర పోయింది, ఉద్రేకం రెట్టింపయింది. తప్పు డాక్టరుది కాదు, నాది.

వ్యాధిని తెలుసుకుందాం

దీనిని బైపోలార్ డిజార్డర్ అంటారు. పూర్వం మానిక్ డిప్రెషన్ అనేవారు. ఒక దశలో ఉద్రేకం: నిద్ర అక్కరలేదు, మాట ఆగదు, డబ్బు నిలవదు. మరొక దశలో కుంగుబాటు. కుంగుబాటు మాత్రలు మాత్రమే వాడితే కొందరికి ఉద్రేకం తిరగబెడుతుంది. కనుక డాక్టరుకు రెండు దశలూ తెలియాలి. ఉద్రేకాన్ని రోగి జబ్బనుకోడు. చూసిన మనమే చెప్పాలి.

ఈ వ్యాధి వంశంలో రావచ్చు. పెంపకం లోపం కాదు, శాపమూ కాదు. పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ఆలోచననే త్రోసిపుచ్చారు (యోహాను 9).

మందు, ప్రార్థన

ఉద్రేకానికి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ప్రకటించారు. నేటికీ అది ముఖ్యమైన మందు. అయితే రక్తపరీక్షలు తప్పనిసరి. ఎండదెబ్బ, వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతుల వణుకు ఎక్కువై, నడక తూలి, మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేయరాదు.

సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం ప్రార్థించమనీ, వైద్యునికీ చోటివ్వమనీ ఒకేచోట బోధిస్తుంది. స్వస్థత కూటానికి వెళ్లండి, కాని మాత్రల డబ్బా వెంట తీసుకువెళ్లండి. బాగున్నాడని మందు మాన్పించవద్దు.

తల్లిదండ్రులు చేయదగినవి

1. ఒక నోటుబుక్కు పెట్టండి. ఎన్ని గంటలు నిద్రపోయాడు, మాత్ర వేసుకున్నాడా, మాట తీరు, ఖర్చు రాయండి. నిద్ర తగ్గడం చాలామందిలో మొదటి గుర్తు.

2. ఉద్రేకంలో ఉన్నప్పుడు వాదించవద్దు. నెమ్మదిగా ఉన్నప్పుడు బిడ్డనే అడిగి, జబ్బు తిరగబెడితే ఏం చేయాలో ముందే అనుకోండి.

3. చావు మాట ఎత్తితే కసరవద్దు. ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలక డాక్టరుకు చూపండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

4. బిడ్డను అలా పోగొట్టుకున్న కుటుంబాన్ని వేలెత్తి చూపవద్దు. తీవ్రమైన మానసిక వ్యాధి మనిషి బాధ్యతను తగ్గిస్తుందని శ్రీసభ సత్యోపదేశం (2282) చెబుతున్నది.

రెండోసారి ఆ డాక్టరుగారి ఎదుట అంతా చెప్పాను. నా పక్కనే కూర్చున్న కొడుకు నా చేయి పట్టుకొని, "నాన్నా, ఇప్పటికైనా చెప్పావు" అన్నాడు. ఈనాడు వాడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మాత్రలూ వేసుకుంటున్నాడు. నోటుబుక్కు ఇప్పుడు వాడే రాస్తాడు.

ఆలోచనకు: మన ఇంట ఏ జబ్బును దాస్తున్నాం? ఎవరి కోసం?

ప్రార్థన: ప్రభూ, నమ్మీ నమ్మలేక మీ చెంతకు వచ్చిన ఆ తండ్రిని మీరు త్రోసివేయలేదు. మా బిడ్డల గూర్చి సత్యం పలుకుటకు మాకు ధైర్యమిండు. ఆమెన్.